భృగువును వెనక్కి పంపిన గురువు

గురువు శిష్యుడికి జ్ఞానాన్ని అందిస్తాడా, లేక శిష్యుడిలో జ్ఞానం పుట్టడానికి అడ్డుగా ఉన్నవాటిని తొలగించి తాను పక్కకు తప్పుకుంటాడా అన్న ప్రశ్న భారతీయ తత్త్వచింతనలో ఉపనిషత్తుల కాలం నుంచీ ఉంది. పైకి ఇది బోధన పద్ధతికి సంబంధించిన ప్రశ్నలా కనిపించినా, జ్ఞానం ఎటువంటిది అన్న విచారణే దీనికి మూలం: జ్ఞానం వస్తువు వంటిదైతే దాన్ని ఒక చేతి నుంచి మరో చేతికి మార్చవచ్చు, చూపు వంటిదైతే, ఒకరి కంటితో మరొకరు చూడలేరు గనుక, గురువు చేయగలిగింది వేలెత్తి దిక్కు చూపించడం, ఆ తరువాత ఆ వేలే చూపుకు అడ్డం కాకుండా దించేయడం మాత్రమే. దీని వెంటే రెండో ప్రశ్న పుడుతుంది. శిష్యుడు స్వయంగా నేర్చుకోవాలని మాట తగ్గించుకున్న గురువు, ఆ మౌనం శిష్యుడి మేలు కోసం తాను పట్టిన నియమమో, తన అలసటకూ అశ్రద్ధకూ తాను పెట్టుకున్న మంచి పేరో ఎలా తెలుసుకుంటాడు? మొదటి ప్రశ్న మీద శాస్త్రచర్చ విస్తారంగా జరిగింది. రెండోదానికి దక్కిన శ్రద్ధ తక్కువ, అయినా ఉపాధ్యాయుడి రోజువారీ బతుకులో బరువైనది రెండోదే.

ఈ రెండు ప్రశ్నలూ పదునుగా ఎదురయ్యే చోట్లలో పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణం ఒకటి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1902లో వాల్తేరు నుంచి కటకం వరకు ఉన్న తూర్పుతీర మార్గాన్ని తనలో కలుపుకోవడంతో ఉత్తరాంధ్ర పల్లెలూ ఖరగ్‌పూరూ ఒకే కంపెనీ పట్టాల మీదికి వచ్చాయి. 1904లో ఇక్కడ కార్ఖానా నెలకొన్నాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల తెలుగువారు ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా వచ్చి రైల్వే క్వార్టర్లలో స్థిరపడ్డారు. మథురాకాఠీ, నింపురా వంటి పేటల్లో పెరిగే వారి మునిమనవలకు ఇంట్లో ఉత్తరాంధ్ర యాస తెలుగు, వీధిలో బెంగాలీ, కార్ఖానా గేటు దగ్గర హిందీ, గోల్‌బజార్‌లో అవసరాన్ని బట్టి వీటన్నిటి కలగలుపు వినిపిస్తాయి. పదో తరగతి చివర రాసే మాధ్యమిక్ పరీక్షకు ప్రథమ భాషగా ఎంచుకోదగిన భాషల్లో తెలుగు కూడా ఉంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఇవి విలువైన ఆసరాలే గాని, తరగతి గదిలో తలెత్తే చిక్కు వీటితో తీరేది కాదు.

ఆ చిక్కు ఏమిటంటే, ఇటువంటి ఊరిలో ఉపాధ్యాయుడు పిల్లవాడికి ఏకైక జ్ఞానద్వారం కానేకాడు. బడిలో చేరేనాటికే ఆ పిల్లవాడు మూడు భాషలు ఏ పాఠమూ లేకుండా నేర్చుకుని ఉంటాడు. అవ్వతో ఏ మాట వాడాలో, ఆటలో బెంగాలీ స్నేహితుడితో ఏ మాట వాడాలో, తండ్రి తోటి పనివాడు ఇంటికి వస్తే ఏ పిలుపు మర్యాదో ఎవరూ సూత్రం చెప్పకుండానే గ్రహించి ఉంటాడు. తప్పు పలికినప్పుడు ఎదుటివాడి ముఖం చూసి దిద్దుకోవడం కూడా అతనికి తెలుసు. అందుచేత పిల్లలను స్వయంగా నేర్చుకునేవారిగా తయారు చేయాలని నేటి విద్యాచర్చల్లో తరచు వినిపించే మాటలో ఒక పొరపాటు దాగి ఉంది: పిల్లవాడు ఆ శక్తితోనే బడికి వస్తాడు, బడి దాన్ని పోనివ్వకుండా చూడగలదా అన్నదే అసలు ప్రశ్న. విద్య అంటే మనిషిలో ముందే ఉన్న పూర్ణత్వం వెలికి రావడమని, ఇదే బెంగాల్ నేలలో పుట్టిన వివేకానందుడు చెప్పిన భావానికి ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల పిల్లలు రోజూ కంటికి కనిపించే నిదర్శనం.

స్వయంగా నేర్చుకోవడంలో గురువు పాత్రను అన్ని గ్రంథాలకంటే నిశితంగా చూపినది తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి. వరుణుడి కుమారుడు భృగువు తండ్రి దగ్గరికి వెళ్లి బ్రహ్మాన్ని బోధించమని అడుగుతాడు. వరుణుడు జవాబు చెప్పడు, అలాగని ఊరుకోడు కూడా. అన్నం, ప్రాణం, కన్ను, చెవి, మనసు, వాక్కు అని కొన్ని ద్వారాలను పేర్కొని, దేని నుంచి ఈ భూతాలు పుడతాయో, దేనివల్ల బతుకుతాయో, చివరికి దేనిలో చేరతాయో అదే బ్రహ్మమని ఒక లక్షణం ఇస్తాడు. లక్షణం అంటే వస్తువును తక్కినవాటి నుంచి వేరు చేసి పోల్చుకోవడానికి పనికివచ్చే గుర్తు. అది వస్తువు కాదు, వస్తువు దొరికినప్పుడు ఇదే అని తేల్చుకునే కొలబద్ద. ఆ కొలబద్దను చేతికిచ్చి, తపస్సుతో తెలుసుకోమని కొడుకును పంపేస్తాడు. భృగువు మొదట అన్నమే బ్రహ్మమని గ్రహిస్తాడు, మళ్లీ తండ్రి దగ్గరికి వస్తాడు; తరువాత ప్రాణమని, ఆ తరువాత మనసని, ఆపై విజ్ఞానమని గ్రహించి ప్రతిసారీ తిరిగి వస్తాడు; ప్రతిసారీ వరుణుడి జవాబు ఒక్కటే, తపస్సుతో తెలుసుకో అని.

ఈ కథను చదివేటప్పుడు సాధారణంగా జారిపోయే విషయం ఒకటుంది. అన్నమే బ్రహ్మమన్న నిర్ణయం తప్పని వరుణుడు అన్నట్టు ఉపనిషత్తు ఎక్కడా చెప్పదు. అసలు భృగువు తన నిర్ణయాన్ని తండ్రికి విన్నవించినట్టు కూడా చెప్పదు. తెలుసుకున్నాడు, తెలుసుకున్నాక మళ్లీ తండ్రిని చేరి బోధించమని అడిగాడు అన్నంతవరకే ఉంది. దొరికిన జవాబు తండ్రి ఇచ్చిన లక్షణానికి సరిపోలేదన్న సంగతి భృగువుకే తెలిసింది, లేకపోతే అతను తిరిగి వచ్చేవాడే కాదు. దిద్దుబాటు శిష్యుడి లోపలే జరిగింది. దిద్దుబాటుకు కావలసిన కొలబద్ద మాత్రం గురువు నుంచి వచ్చింది. స్వయం అధ్యయనమంటే గురువు లేని చదువు అనుకునేవారూ, గురువు దిద్దకపోతే చదువే లేదనుకునేవారూ కూడా ఈ కథలో సగమే చూస్తున్నారు.

ఖరగ్‌పూర్ కార్ఖానా చూసిన తరాలవారికి ఈ కథలోని కొలబద్ద కొత్తది కాదు. ఫిట్టరు పని నేర్చుకునే అప్రెంటిసుకు ఎక్కడైనా మొదట ఇచ్చేది ఒక ఇనుప దిమ్మ, ఒక ఆకురాయి, ఒక మూలమట్టం. దిమ్మ ముఖాన్ని ఆకురాయితో చదును చేసి, మూలమట్టాన్ని దాని మీద ఆనించి, వెలుతురుకు ఎదురుగా కంటి ఎత్తులో పట్టుకోవాలి. మట్టానికీ ఇనుముకూ మధ్య నుంచి వెలుతురు గీత కనిపిస్తే అక్కడ పల్లం ఉన్నట్టు, దాని పక్క భాగం ఇంకా ఎత్తుగా ఉన్నట్టు అర్థం. ఎక్కడ ఎంత అరగదీయాలో వెలుతురే చెబుతుంది గనుక, మట్టం పట్టడం ఒకసారి వచ్చాక మేస్త్రీని ప్రతిసారీ అడగవలసిన పని ఉండదు. మంచి మేస్త్రీ దిమ్మను తన చేతిలోకి తీసుకుని రెండు రాపిళ్లతో సరిచేసి ఇవ్వడు, అలా చేస్తే దిమ్మ చదునవుతుంది గాని కుర్రవాడి చెయ్యి చదునవదు; మట్టం పెట్టి చూసుకోమని తిప్పి పంపుతాడు. తత్త్వగ్రంథాలు తపస్సు అన్నదానికీ ఇక్కడ చెమటోడ్చే పనికీ గౌరవంలో తేడా ఎంత చూపినా, నిర్మాణం మాత్రం ఒక్కటే: కొలత గురువుది, రాపిడి శిష్యుడిది, తీర్పు వెలుతురుది.

దీనికి వ్యతిరేకమైన వాదం బలహీనమైనదేమీ కాదు, దాన్ని వినకుండా ముందుకు పోవడం న్యాయం కాదు. అద్వైత వేదాంతం జ్ఞానసాధనను మూడు మెట్లుగా చెబుతుంది: గురువు నోట శాస్త్రతాత్పర్యాన్ని గ్రహించడం శ్రవణం, దాని మీద వచ్చే సందేహాలను యుక్తితో తీర్చుకోవడం మననం, తేలిన అర్థంలో బుద్ధిని ఎడతెగకుండా నిలపడం నిదిధ్యాసనం. వీటిలో ప్రధానమైనది ఏదన్న విషయంలో శంకరుల తరువాతి ఆచార్యులు రెండు దారుల్లో వెళ్లారు. భామతి రాసిన వాచస్పతిమిశ్రుడి సంప్రదాయం ప్రకారం మాట వల్ల కలిగేది పరోక్షజ్ఞానమే, అంటే ఎదుట లేని వస్తువును గురించి విని తెలుసుకోవడం వంటిదే. నిదిధ్యాసనంతో పదునెక్కిన మనసే చివరికి సాక్షాత్కారానికి సాధనం. పంచపాదికకు వివరణం రాసిన ప్రకాశాత్ముడి సంప్రదాయం దీన్ని ఒప్పుకోదు. మహావాక్యమనే శబ్దమే నేరుగా సాక్షాత్ జ్ఞానాన్ని పుట్టించగలదని, శ్రవణమే ప్రధానమని, తక్కిన రెండూ దానికి తోడ్పాటులని అంటుంది. బడి భాషలో చెప్పుకుంటే, మొదటి వర్గం శిష్యుడి లోపలి పని మీదా, రెండో వర్గం గురువు నోటి మాట మీదా బరువు వేస్తాయి.

రెండో వర్గానికి ఆధారం దశముడి కథ. పదిమంది నది దాటి, అందరూ ఒడ్డుకు చేరారో లేదో చూసుకోవడానికి ప్రతివాడూ తనను వదిలి తక్కిన తొమ్మండుగురినీ లెక్కపెట్టి, పదోవాడు మునిగిపోయాడని ఏడుస్తుండగా, దారిన పోయే ఒకడు ఆ పదోవాడివి నీవేనని చెబుతాడు. మాట చెవిన పడగానే, మరే సాధనా లేకుండా, వెతికినవాడు తనను తాను కనుగొంటాడు. 14వ శతాబ్దికి చెందిన విద్యారణ్యుడు పంచదశిలోని తృప్తిదీప ప్రకరణంలో ఈ కథను ఏడు దశలుగా విడదీసి, పదోవాడు ఉన్నాడన్న మాట వల్ల కలిగే పరోక్షజ్ఞానానికీ, అతడు నీవే అన్న మాట వల్ల కలిగే అపరోక్షజ్ఞానానికీ తేడా చూపాడు. ఈ ఉదాహరణ శబ్దం శక్తిని నిలబెడుతుందనడంలో సందేహం లేదు. అయితే ఆ శబ్దం ఎవరి మీద పనిచేసిందో కూడా చూడాలి: అంతకుముందే పదేపదే లెక్కపెట్టి, లెక్క కుదరక దుఃఖించినవాడి మీద. నది దాటని మనిషికి నీవే పదోవాడివి అని చెబితే అది అర్థం లేని మాట. గురువు మాటకు తక్షణ శక్తి ఉందని వివరణ సంప్రదాయం అన్నది నిజమే, ఆ శక్తికి నేల శిష్యుడి సొంత వెతుకులాటే. వెతుకులాట మొదలుకాకముందే జవాబు చెప్పేసే ఉపాధ్యాయుడు జవాబు విలువను తానే తగ్గిస్తాడు. ఇటువంటి మాటే క్రైస్తవ చింతనలోనూ వినిపిస్తుంది: 4వ శతాబ్ది చివర క్రైస్తవ తాత్త్వికుడు అగస్టీన్ తన కుమారుడు అదియోదాతుస్‌తో సంభాషణగా కూర్చిన గ్రంథంలో, మాటలు వినేవాడిని తట్టి లేపుతాయే గాని సత్యాన్ని చూపేది లోపలి గురువేనని, ఆ గురువు క్రీస్తేనని తేల్చాడు. తండ్రీకొడుకుల మధ్యే ఈ విచారణ జరగడం భృగువల్లిని గుర్తుకు తెస్తుంది.

ఇంతవరకు చెప్పినదాని వల్ల గురువు తక్కువ చెప్పడమే మేలన్న అభిప్రాయం కలిగితే, దానికి విరుగుడు ఛాందోగ్యోపనిషత్తులోని నాలుగో అధ్యాయంలో ఉంది. తండ్రి ఎవరో తెలియని సత్యకామ జాబాలుడు ఆ నిజాన్ని దాచకుండా చెప్పినందుకు హారిద్రుమత గౌతముడు అతన్ని శిష్యుడిగా స్వీకరించి, బక్కచిక్కిన 400 ఆవులను అప్పగించి మేపుకురమ్మంటాడు. అవి 1000 అయ్యేదాకా తిరిగి రానని వెళ్లిన కుర్రవాడికి అడవిలో వృషభం, అగ్ని, హంస, మద్గువనే నీటిపక్షి బ్రహ్మానికి ఒక్కొక్క పాదాన్ని బోధిస్తాయి. తిరిగి వచ్చిన శిష్యుడి ముఖం చూసి ఎవరు బోధించారని గురువు అడిగితే, మనుషులు కాదని చెబుతూనే, ఆచార్యుడి వల్ల తెలిసిన విద్యే నిలకడైనదని విన్నాను గనుక మీరే చెప్పాలని సత్యకాముడు కోరతాడు. గౌతముడు ఏమీ విడిచిపెట్టకుండా అదే బోధిస్తాడు. స్వయంగా గ్రహించినవాడికి కూడా దాన్ని గురువు ముందు పెట్టి సరిచూసుకోవాలన్న ఆకలి మిగులుతుందని, ఆ ఆకలిని తీర్చడం గురువు ధర్మమని ఈ ఘట్టం చెబుతుంది.

కథ అక్కడితో ఆగదు, చాలామంది వ్యాఖ్యానాలు తొందరగా దాటిపోయే భాగం ఆ తరువాతే వస్తుంది. అదే సత్యకాముడు ఆచార్యుడయ్యాక ఉపకోసలుడనే శిష్యుడు 12 ఏళ్లు అతని అగ్నులకు సేవ చేస్తాడు. తక్కిన శిష్యులకు చదువు ముగించి ఇళ్లకు పంపిన సత్యకాముడు ఇతన్ని మాత్రం పంపడు, బోధించడు. ఆచార్యుడి భార్య కలగజేసుకుని, ఈ బ్రహ్మచారి శ్రద్ధగా సేవ చేశాడు, అగ్నులు మిమ్మల్ని తప్పుపట్టకముందే అతనికి బోధించండని అంటుంది. అతను వినకుండా ప్రయాణమై వెళ్లిపోతాడు. ఉపకోసలుడు దిగులుతో అన్నం మానేస్తాడు. ఎందుకు తినవని ఆమె అడిగితే మనసు నిండా బాధలే ఉన్నాయని చెబుతాడు. అప్పుడు అతను సేవించిన అగ్నులే జాలిపడి బోధిస్తాయి. ఆచార్యుడు తిరిగి వచ్చి, వెలుగుతున్న శిష్యుడి ముఖం చూసి, అగ్నులు చెప్పింది లోకాలను గురించి మాత్రమేనని, మిగిలింది తాను చెబుతానని పూనుకుంటాడు.

సత్యకాముడు ఎందుకు మౌనం వహించాడో ఉపనిషత్తు చెప్పదు. అడవిలో ఆవుల మధ్య తనకు దొరికినట్టే శిష్యుడికీ దొరుకుతుందని అనుకుని ఉండవచ్చు. తాను నేర్చుకున్న దారే అందరికీ సరైన దారి అనుకోవడం ఉపాధ్యాయులకు తరచు కలిగే భ్రమ, అందునా కష్టపడి పైకి వచ్చినవారికి మరీ ఎక్కువ. కాని వరుణుడి మౌనానికీ సత్యకాముడి మౌనానికీ మధ్య తేడాను ఎవరైనా పోల్చుకోగలరు. వరుణుడు కొలబద్ద ఇచ్చి పంపాడు, తిరిగి వచ్చిన ప్రతిసారీ ఇంటి దగ్గరే దొరికాడు, కొడుకు మాట విన్నాడు. సత్యకాముడు కొలబద్ద ఇవ్వలేదు, గడువు చెప్పలేదు, శిష్యుడు అన్నం మానేసిన రోజున ఊళ్లోనే లేడు. స్వయం అధ్యయనం పేరుతో పిల్లలకు పుస్తకం ఇచ్చి చదువుకోమని వెళ్లిపోవడం సత్యకాముడి మార్గమే, అక్కడ పిల్లవాడికి కలిసివచ్చే అగ్నులు అన్ని ఇళ్లలోనూ వెలగవు. ఖరగ్‌పూర్ వంటి చోట తల్లిదండ్రులకు తెలుగు మాట్లాడటం వచ్చి చదవడం రాకపోతే, బడిలో తెగిన దారాన్ని ఇంట్లో ముడివేసేవారు ఉండరు.

ఇక్కడే రెండో ప్రశ్న, అంటే ఉపాధ్యాయుడు తనను తాను చూసుకోవడమన్నది, మొదటిదానితో కలుస్తుంది. తైత్తిరీయంలోని శిక్షావల్లి ఋతం, సత్యం, దమం, అతిథిసేవ వంటి ధర్మాలను వరుసగా చెబుతూ ప్రతిదానితోనూ స్వాధ్యాయప్రవచనాలను జత చేస్తుంది. స్వాధ్యాయమంటే తాను చదువుకోవడం, ప్రవచనమంటే ఇతరులకు చెప్పడం. ఆ వరుస చివర ముగ్గురు ఋషుల అభిప్రాయాలు వస్తాయి. సత్యమొక్కటే చాలునని ఒకరు, తపస్సొక్కటే చాలునని ఒకరు అనగా, నాకుడనే మౌద్గల్యుడు స్వాధ్యాయప్రవచనాలే చాలునని, అవే తపస్సని అంటాడు. అంటే వరుణుడు కొడుకును ఏ తపస్సుకు పంపాడో, అటువంటి తపస్సులోనే బోధించేవాడు కూడా ప్రతిరోజూ ఉన్నాడని మౌద్గల్యుడి మాట వల్ల తేలుతుంది. చెప్పడాన్ని చదువుకోవడం నుంచి విడదీసినప్పుడు ఆ తపస్సు భంగమవుతుంది. అదే వల్లిలో చదువు ముగించిన శిష్యుడికి ఆచార్యుడు చేసే హితబోధలో, మాలో మంచి నడవడిగా ఉన్నవాటినే అనుసరించు, తక్కినవాటిని కాదు అన్న భావం ఉంది. తనలో అనుసరించకూడనివి కూడా ఉన్నాయని వీడ్కోలు వేళ శిష్యుడి ముందు ఒప్పుకోగలిగిన గురువు, ఆ సంగతిని అంతకుముందే తన లోపల ఎన్నోసార్లు తరచి చూసుకుని ఉండాలి.

ఈ ఒప్పుకోలుకు ప్రశ్నోపనిషత్తు మరింత స్పష్టమైన రూపం ఇచ్చింది. సమిధలు చేతబట్టి వచ్చిన ఆరుగురు శిష్యులతో పిప్పలాదుడు, ఇంకో ఏడాది తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో ఉండి, ఆ తరువాత ఇష్టమైన ప్రశ్నలు అడగండి, మాకు తెలిస్తే అంతా చెబుతామని అంటాడు. తెలిస్తే అన్న ఆ ఒక్క షరతులో గురుత్వానికి కావలసిన నిజాయితీ అంతా ఉంది. ఆరుగురిలో ఒకడైన సుకేశుడు తన ప్రశ్నను ఎక్కడి నుంచి తెచ్చాడో కూడా చెబుతాడు: కోసల రాకుమారుడు హిరణ్యనాభుడు పదహారు కళల పురుషుడిని గురించి అడిగితే తనకు తెలియదని అన్నానని, తెలిసి ఉంటే ఎందుకు చెప్పనని, అబద్ధమాడేవాడు వేళ్లతో సహా ఎండిపోతాడని అంటాడు. రాకుమారుడు మాట లేకుండా రథమెక్కి వెళ్లిపోతాడు, సుకేశుడు మాత్రం ఆ తెలియనితనాన్ని మోసుకుంటూ మరో గురువును వెతుక్కుంటూ వచ్చాడు. తరగతిలో తెలియదన్న మాట ఉపాధ్యాయుడి నోట వచ్చినప్పుడు అది ఓటమిగా ఆగిపోతుందా, లేక మరునాటి వెతుకులాటకు మొదలవుతుందా అన్నది సుకేశుడి నడకను బట్టి తూచుకోవచ్చు.

తనను చూసుకోని గురువుకు తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ పోతన భాగవతంలోని చండామార్కులు. ప్రహ్లాదుడు వారి పాఠాలన్నీ అప్పగించగలడు, ఆ పాఠాల వెనక ఉన్న లోకదృష్టిని మాత్రం అంగీకరించడు. గురువులు పనిమీద పక్కకు వెళ్లినప్పుడు తోటి పిల్లలకు తాను గ్రహించినది చెబుతాడు. హిరణ్యకశిపుడు గద్దించగానే ఆ గురువులు మేము నేర్పలేదని, ఇతరులూ నేర్పలేదని, ఇది వీడికి పుట్టుకతో వచ్చిన బుద్ధి అని తప్పించుకుంటారు. భయంతో అన్న ఆ మాటలో, వారికే తెలియకుండా, శిష్యుడి జ్ఞానం గురువు సొత్తు కాదన్న సత్యం ఉంది. కాని ఆ సత్యం ముందు నిలబడి, మా పాఠం వీడికి ఎందుకు చాలలేదని ఒక్క క్షణమైనా అనుకోలేదు. వారి చూపు పిల్లవాడి మీద లేదు, తమ మీదా లేదు, రాజు ముఖం మీద ఉంది. పరీక్షా ఫలితాల పట్టికనే రాజు ముఖంగా చూసుకునే బడి ఏదైనా ఈ గురువుల పాఠశాలకు దగ్గరదే.

దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ ఖరగ్‌పూర్ తెలుగువారి పూర్వుల నేలకు ఆనుకునే ఉంది. 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న ఆ ఊరు అప్పుడు గంజాం జిల్లాలో ఉండేది. చుట్టుపక్కల కొండల్లోని సవరలు మాట్లాడే భాషకు అప్పటికి లిపి లేదు, పుస్తకం లేదు. వారికి చదువు చెప్పాలనుకున్న రామమూర్తి ముందు తాను వారి భాషకు విద్యార్థి అయి, అది తెలిసినవారిని పక్కన పెట్టుకుని ఏళ్ల తరబడి నేర్చుకుని, వాచకాలు తయారుచేసి, సవర పిల్లల కోసం బడులు నడిపాడు. ఆ భాష మీద ఆయన రాసిన వ్యాకరణ గ్రంథం 1931లో మద్రాసులో అచ్చయింది. తెలుగు విషయంలో కూడా, పాఠశాలల పరీక్షాధికారి యేట్స్ జనం మాట్లాడే తెలుగుకూ బడిలో నేర్పే తెలుగుకూ ఇంత దూరమెందుకని అడిగిన ప్రశ్నను విదేశీయుడి అజ్ఞానమని కొట్టిపారేయకుండా, తాను అంతకాలం నేర్పుతూ వచ్చినదాన్నే ఆ ప్రశ్న వెలుతురులో మళ్లీ చూసుకున్నాడు. నలభై ఏళ్లు దాటిన అనుభవజ్ఞుడు తన వృత్తికి ఆధారమైన నమ్మకాన్ని తిరగదోడటం చిన్న సాహసం కాదు. వ్యావహారిక భాషోద్యమ చరిత్రలో వాదప్రతివాదాలకు దక్కిన చోటు ఈ అంతర్విచారణకు దక్కకపోవడం విచారకరం. అమెరికన్ తాత్త్వికుడు జాన్ డ్యూయీ 1910లో ఆలోచన పుట్టే తీరును వివరిస్తూ, నిజమైన ఆలోచన ఒక కలవరంతో, తెగని సందేహంతో మొదలవుతుందని అన్నాడు. రామమూర్తి దాదాపు అదే కాలంలో దాన్ని చేతలో చూపాడు.

ఖరగ్‌పూర్‌లో తెలుగు చెప్పే ఉపాధ్యాయుడి ముందు ఉన్నది రామమూర్తి ముందున్న ప్రశ్నే, కొంచెం వేషం మార్చుకుని. పిల్లవాడు వ్యాసంలో ఇంటి యాస మాట రాస్తాడు, దాని పక్కన బెంగాలీ నుంచి వచ్చిన ఇంకో మాట ఉంటుంది. ఎర్రసిరాతో రెండింటినీ కొట్టేసి పుస్తకం మాట రాయడం తేలిక. అలా కాకుండా ఆ మాటను నల్లబల్ల మీద రాసి, ఇది మీ ఇంట్లో ఎవరు అంటారు, ఇదే అర్థానికి మీకు తెలిసిన వేరే మాటలేవి, పరీక్షలో ఏది నప్పుతుంది, ఎందుకు అని అడిగితే, లక్షణం చేతికిచ్చి తిప్పి పంపిన వరుణుడి పద్ధతి తరగతిలోకి వస్తుంది. కాకపోతే దీనికి ఉపాధ్యాయుడు ఒక మూల్యం చెల్లించాలి: పిల్లలు తెచ్చే జవాబుల్లో కొన్ని అతనికి తెలియనివి ఉంటాయి, శ్రీకాకుళం పల్లెలో నాలుగు తరాల కిందట బయలుదేరి వచ్చిన మాట అతని నిఘంటువులో ఉండకపోవచ్చు, ఆ పూట తరగతిలో విద్యార్థి అతనే అవుతాడు.

ఈ మార్పుకు శిక్షావల్లిలోనే మంచి పోలిక ఉంది. ఆచార్యుడు పూర్వరూపం, శిష్యుడు ఉత్తరరూపం, విద్య వారిద్దరి సంధి, ప్రవచనం సంధానమని అక్కడ వర్ణముల కూడికతో చదువును పోల్చారు. ఉపనిషత్తు ఉద్దేశించింది రెండు వర్ణాల మధ్య ఏర్పడే కలయికే అయినా, తెలుగు వ్యాకరణం చదివినవారికి దానిలో మరో అర్థం తోచకమానదు: రాముడు, అతడు అన్న రెండు మాటలు కలిసి రాముడతడు అయినప్పుడు, ఉత్వసంధిలో ముందున్న ఉకారమే లోపిస్తుంది, వెనక వచ్చిన అచ్చు నిలుస్తుంది. కలయిక జరగాలంటే ముందున్నది కొంత వదులుకోవాలి. గుణసంధిలోనైతే రెండు అచ్చులూ పోయి మూడోది వస్తుంది. ఈ రెండు సంధుల్లోనూ పూర్వరూపం చెక్కుచెదరకుండా ఉండి ఉత్తరరూపం మాత్రమే మారడమన్నది జరగదు.

వదులుకోవడం అన్నప్పుడు నిర్వేదం అని అర్థం చేసుకోకూడదు. ఆ తేడాను చూపే మాట ఖరగ్‌పూర్‌లోనే, 1951లో మొదలైన ఐఐటీ దగ్గర దొరుకుతుంది. కర్మలో నేర్పే యోగమన్న గీతా భావాన్ని ఆ సంస్థ తన ఆదర్శవాక్యంగా స్వీకరించింది. ఆ వాక్యంలో నేర్పు అంటే చేతి చాతుర్యమని మాత్రమే అనుకుంటే చాలదు. శంకరుల భాష్యం ప్రకారం, బంధించే స్వభావం గల కర్మలు కూడా సమత్వబుద్ధితో చేసినప్పుడు ఆ స్వభావాన్ని కోల్పోవడమే ఆ కౌశలం. ఉపాధ్యాయుడి ఆత్మపరిశీలనకు ఇంతకంటే పనికివచ్చే సూత్రం అరుదు. పాఠం బాగా జరిగిన రోజున తన ప్రతిభ అని పొంగిపోయినా, జరగని రోజున తాను పనికిరానివాడినని కుంగిపోయినా, రెండుసార్లూ చూపు పాఠం మీద నుంచి తన మీదికి జారుతుంది, ఆ జారిన చూపుతో చేసేది పరిశీలన కాదు. సమత్వమంటే మూలమట్టం పట్టిన చేతి నిలకడ. చెయ్యి వణికితే వెలుతురు గీత దిమ్మ లోపాన్ని చూపదు, చేతి వణుకును చూపుతుంది.

భృగువు కథలో చెప్పకుండా మిగిలింది ఒకటుంది. అన్నం, ప్రాణం, మనసు, విజ్ఞానం అని నాలుగుసార్లు తెలుసుకుని నాలుగుసార్లూ తండ్రి దగ్గరికి తిరిగి వచ్చిన కొడుకు, ఐదోసారి ఆనందమే బ్రహ్మమని గ్రహించాక తిరిగి వచ్చినట్టు ఉపనిషత్తు చెప్పదు. వరుణుడు అతని కోసం ఎదురుచూశాడో, రాకపోవడాన్ని బట్టే విషయం గ్రహించాడో కూడా చెప్పదు. ఆ వెంటనే వచ్చే వాక్యంలో ఆ విద్యకు పేరు పెడుతుంది: భార్గవీ వారుణీ విద్య అని, ముందు శిష్యుడి పేరు, తరువాత గురువు పేరు.